తునికాకు కథ, నా చేతిరాత

రాస్తున్నావా బిడ్డా? అయితే మొదటి మాట ఇదే రాయి: నా చేతిరాత బాగుంటుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ సంగతి ముందే తెలియకపోతే నేను తర్వాత పడ్డ కుళ్లు ఎవరికీ అర్థం కాదు. మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో నేను పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ, పెళ్లి పత్రిక రాయాలన్నా, కరెంటాఫీసుకు అర్జీ పెట్టాలన్నా, కొత్తగా కొన్న ట్రాక్టరు మీద దేవుడి పేరు రాయాలన్నా మనుషులు నా గుమ్మం ముందే నిలబడేవాళ్లు. సుద్దముక్క కొసను నీళ్లలో ముంచి నల్లబల్ల మీద రాస్తే, తడి ఆరాక అక్షరం మీగడలా తేలుతుంది. తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు పిల్లల్ని ప్రశ్నలు అడగడం మానేసి బల్ల వైపు చూస్తూ ఉండిపోయేవాళ్లు.

బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఒకటి నుంచి మూడు తరగతులు నావి. నాలుగు, ఐదు ఒక పెద్దసారువి. నా గదిలో రాత అంటే చూచిరాత. పైన నేనొక వరస రాస్తాను, పిల్లలు దాన్ని చూసి కింద అదే రాయాలి, పేజీ నిండేదాకా. తలకట్టు తలకట్టులా ఉండాలి, సున్న సున్నలా ఉండాలి. కోయగూడేల నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో తెలుగు వినిపించేది కాదు. అయినా ఏడాది తిరిగేసరికి వాళ్ల రాత చూసి పట్నం పిల్లలు సిగ్గుపడాలి. ఏం రాస్తున్నారో వాళ్లకు తెలిసేదా అంటావా? ఆమె కూడా అదే అడిగింది. ఆమె సంగతి వస్తోంది, ఆగు.

మీ అమ్మ మూడో తరగతి దాకా నా దగ్గరే చదివింది. నా ఒళ్లో కూచోబెట్టుకుని, చేయి పట్టుకుని, పలక మీద ఒక్కో అక్షరం తిప్పించింది నేను. దాని రాతా నా రాతా పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మీ తాతయ్య పోల్చుకోలేకపోయేవాడు. ఆయనకు బొగ్గు గనిలో ఉద్యోగం. మణుగూరులో గది కిరాయికి తీసుకుని ఉండి, సెలవు రోజున మాత్రమే ఊరికి వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ అదీ. దానికి అమ్మనూ నేనే, టీచర్నూ నేనే, మాట్లాడుకునే నేస్తాన్నీ నేనే. నాకది చాలా బాగుండేది. దానికి కూడా చాలా బాగుందనే అనుకున్నాను.

పెద్దసారు రిటైరై వెళ్లిపోయాడు. ఎనభైల చివర్లో, వానలు మొదలయ్యే రోజుల్లో, ఆయన స్థానంలో కొత్త టీచరమ్మ బస్సు దిగింది. సత్తుపల్లి వైపు అమ్మాయి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి దమ్మపేట దగ్గర పొలాలు కొనుక్కున్న కుటుంబం. 'అండీ' లేకుండా ఆమెకు మాట ముగిసేది కాదు. బస్సు టాపు మీద నుంచి ఒక ఇనప పెట్టె దింపించింది. చేతుల్లో మాత్రం తువ్వాలులో చుట్టిన ఏదో మూటను పసిపిల్లలా పట్టుకుని ఉంది.

"అక్కగారూ, ఇక్కడ కరెంటు ఎప్పుడు ఉంటుందండీ?" అదీ ఆమె నన్ను అడిగిన మొదటి మాట.

"ఉన్నప్పుడు ఉంటది, లేనప్పుడు ఉండది. గా మూట ఏంది?"

తువ్వాలు విప్పింది. టేప్ రికార్డరు.

"పాటలు పెడ్తవా ఏంది, బళ్లె?"

"కాదండీ. పిల్లలకి రాయడం నేర్పడానికండీ."

"రాసుడు నేర్పేటందుకు పాటల డబ్బానా!" అని నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అప్పటికి నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. పాపం, కొత్తగా ఉద్యోగంలో చేరింది, పదిరోజులకు దారిలో పడుతుందిలే అనుకున్నాను.

ఇనప పెట్టె నిండా బొమ్మల పుస్తకాలు. పేజీ అంతా బొమ్మే, అడుగున రెండు వరసల మాటలు. ఒక దాంట్లో గొడుగు పోగొట్టుకున్న కప్ప, ఒక దాంట్లో పెళ్లికి ఆలస్యమైన నత్త, అట్లాంటివి. ఆమె పద్ధతి ఏమిటంటే, ఆ మాటల మీద తెల్లకాగితం పట్టీ ఒకటి పెట్టి మూసేసేది. బొమ్మ చూసి కథ నువ్వే చెప్పు అనేది. ఎర్ర బటన్ నొక్కేది. పిల్ల గొణిగేది. తర్వాత అది తిరగేసి వినిపించేది. తన గొంతు తానే విని పిల్లలు చేతులతో నోళ్లు మూసుకునేవాళ్లు, బెంచీల కింద దూరేవాళ్లు. ఆ నవ్వులన్నీ అయ్యాక, "ఇప్పుడు నువ్వు చెప్పిందే రాయి" అనేది. కొంచెం వినిపించి ఆపేది, అంత రాసేవాళ్లు. మళ్లీ వినిపించేది. అలా ఆగుతూ సాగుతూ పిల్ల తన కథ తాను రాసుకునేది. కొన్నాళ్లకు కప్పలూ నత్తలూ అయిపోయి వాళ్ల సొంత కథలు మొదలుపెట్టారు.

కోయపిల్ల ఒకతె తన భాషలోనే చెప్పింది. ఈమె దాన్ని తెలుగు అక్షరాల్లో రాయించింది.

"గది ఎవలు చదువుతరమ్మా?" అని అడిగాను.

"పాప చదువుతుందండీ. వాళ్లమ్మ వింటుందండీ."

"మరి తెలుగు?"

"వస్తుందండీ. ముందు చెప్పాలని ఉండాలి కదండీ." అప్పుడే అడిగింది, "మీ పిల్లల రాత ఎంత బాగుందో అక్కగారూ! వాళ్లు రాసేది వాళ్లకి తెలుస్తోందా అండీ?" అని. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. వెటకారంగా అడిగి ఉంటే నాకు సులువుగా ఉండేది.

బ్యాటరీలు అయిపోతే మా ఊరి కొట్లో దొరకవు. అయిపోయినవాటిని తీసి బడి అరుగు మీద ఎండలో పెట్టేది, కాస్త వేడెక్కితే ఇంకొన్ని రోజులు పనిచేస్తాయని. నా పిల్లలు ఏం చేసేవాళ్లో తెలుసా? నీళ్లు తాగొస్తాం టీచర్ అని బయటికి పోయి, వడియాలకు కాపలా కాసినట్టు ఆ బ్యాటరీల చుట్టూ కూచునేవాళ్లు. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. అవతల నవ్వితే ఇవతల నా తరగతిలో తలలన్నీ గోడ వైపు తిరిగేవి. మూడో తరగతి పిల్ల ఒకతె ఒకరోజు లేచి నిలబడి, "టీచర్, మేం నాల్గో తరగతికి ఎప్పుడు పోతం?" అని అడిగింది. నా ఎదురుగా నిలబడి, నా మొహం చూస్తూ.

అయినా అదంతా ఓర్చుకోగలిగేదాన్నేమో. నాకు మండింది మీ అమ్మ దగ్గర.

అది ఆ ఏడే నాల్గో తరగతికి, అంటే ఆమె గదిలోకి వెళ్లింది. నెల తిరక్కుండానే దాని రాత పాడైంది. వరసలు పైకి ఎక్కేవి, కిందికి జారేవి. నేను నేర్పిన తలకట్లు గాలికి ఎగిరిన టోపీల్లా అక్షరాలకు దూరంగా పడి ఉండేవి. దానికి తొందర. చెప్పాల్సింది కుప్పలుగా ఉంది, చెయ్యి వెనకబడుతోంది. నా దగ్గర ఉన్నప్పుడు దానికి చెప్పాల్సింది ఏమీ ఉండేది కాదా? మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఏనాడూ అంత తొందరగా పెన్సిలు పట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక అడిగేదాన్ని.

"ఏం రాసినవే ఇయ్యాల?"

"కథ."

"ఏం కథ?"

"నా కథ."

"చూపియ్యి మరి."

"బళ్లె ఉన్నది. టీచర్ దాస్తది."

"నేను టీచర్ను కానా?"

"నువ్వు అమ్మవు," అంది, అన్నం కలుపుకుంటూ. అదేదో చాలా తేలికైన విషయమన్నట్టు.

దాని కథ ఏమిటో తెలుసుకోవాలి. అది రాసింది నాకు చూపించాలి. ఆమె కంటే ముందు కాకపోయినా ఫర్వాలేదు, ఆమెతో పాటైనా. అంతే బిడ్డా నాకు కావాల్సింది. ఆ ఏడంతా నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు.

ఒకరోజు ఇంటర్వెల్లులో ఆమె గదిలోకి వెళ్లి నేరుగానే అడిగాను. "మా పిల్ల చెప్పిన టేపు జర పెట్టు. నేను గూడ ఇంట."

ఆమె టేపు చేతిలోకి తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. "పాప సరే అంటే పెడతానండీ. రాయడం పూర్తయ్యేలోపు ఎవరి గొంతూ బయటివాళ్లకి వినిపించనని పిల్లలకి మాటిచ్చానండీ."

"నా బిడ్డ గొంతు ఇనేటందుకు నాకు నీ పర్మిషన్ గావాల్నా?"

"నాది కాదండీ. పాపది."

మీ అమ్మ అక్కడే, గుమ్మంలోనే ఉంది. ఇద్దరం దాని వైపు చూశాం. అది తల అడ్డంగా ఊపింది. ఊపి, పరిగెత్తుకుంటూ ఆటలోకి పోయింది. ఆ పరాయి ఆడమనిషి ముందు నా మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలియదు. ఆమె మాత్రం తల వంచుకుని టేపులో వదులైన రీలును పెన్ను పెట్టి చుట్టుకుంటూ కూచుంది. నన్ను చూసి జాలిపడి తల వంచుకుందని తర్వాత అర్థమైంది. జాలి ఇంకా మంట.

ఆ వారం మీ తాతయ్య వచ్చినప్పుడు ఇదంతా చెప్పి ఆయన చెవులు వాయించేశాను.

"నీకు కుళ్లు పుట్టింది," అన్నాడు, చేపల పులుసు జుర్రుతూ.

"అవ్, కుళ్లే. ఏం జేయమంటవ్?"

"నువ్వు గూడ టేప్ రికార్డర్ పట్టుకపో. ఆమెకేనా ఉండేది?"

మనిషి మంచివాడు. మరుసటి సెలవుకి వస్తూ వస్తూ గనిలో తనతో పనిచేసే అతని టేప్ రికార్డరు అడిగి పట్టుకొచ్చాడు. ఆమెదాని కంటే పెద్దది, రెండు స్పీకర్లది. దాన్ని సోమవారం పొద్దున నా బల్ల మీద పెడితే నా పిల్లల కళ్లు ఎంతెంత అయ్యాయో! అవతలి గదికి వినపడేలా గట్టిగా చెప్పాను, "ఇయ్యాల మనం గూడ కథలు చెప్పుకుందాం!" అని. ఎర్ర బటన్ నొక్కాను. ముందు బెంచీలో పిల్లవైపు మైకు తిప్పాను.

ఆ పిల్ల లేచి చేతులు కట్టుకుని, "హాజర్ టీచర్!" అంది.

"హాజర్ కాదే, కథ చెప్పు."

పక్కది లేచింది. "హాజర్ టీచర్!"

అంతే, ఇక వరస ఆగలేదు. ఒక్కొక్కరూ లేవడం, హాజర్ పలకడం, కూచోవడం. చివరి బెంచీ దాకా వెళ్లి మళ్లీ ముందుకు వచ్చింది. నా గదిలో నా ముందు ఏదైనా పలకాలంటే అదొక్కటే మాట అని వాళ్లు అనుకున్నారు మరి. వాళ్లను అని లాభం లేదు. కథ చెప్పమని గట్టిగా గద్దిస్తే ఒకడు రెండో ఎక్కం చెప్పాడు, ఒకతె పొద్దున ప్రార్థన మొదలుపెట్టింది, మిగతా అందరూ లేచి అందుకున్నారు. గోడ అవతల పూర్తిగా నిశ్శబ్దం. వింటున్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆ నవ్వును గుర్తుపట్టాను. మీ అమ్మ.

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. నాకూ ఇప్పుడు నవ్వొస్తోంది. ఆరోజు రాలేదు.

సాయంత్రం ఇంట్లో అదే డబ్బా మీ అమ్మ ముందు పెట్టాను. లాలిస్తూ అడిగాను. "నాకు చెప్పవే ఒక కథ. ఎవలకూ ఇనిపియ్య. నువ్వూ నేనే."

అది డబ్బానూ, నన్నూ చూసింది. ఆ వయసులో దానికి దాపరికం చేతకాదు.

"నీకు చెప్తే దిద్దుతవ్ అమ్మా," అంది.

"దిద్దకపోతే తప్పు తెల్వాలె గద?"

"చూసినవా!" అంది. అని లేచి బయటికి పోయింది.

మర్నాడే ఆ డబ్బాను మీ తాతయ్య నేస్తానికి పంపించేశాను.

ఎండలు ముదురుతున్నాయి. ఇంకొన్నాళ్లకు తునికాకు కోతలు మొదలవుతాయి, బీడీల ఆకు. అప్పుడిక గూడేలకు గూడేలు తెల్లవారకముందే అడవికి పోతాయి, బడికి వచ్చేవాళ్లు ఉండరు. అది మొదలయ్యేలోపే పిల్లల కథలన్నీ పుస్తకంలా చేసి, తల్లిదండ్రుల్ని పిలిచి, తలా ఒకటి ఇవ్వాలని ఆమె ఆలోచన. మండలాఫీసులో ప్రశ్నపత్రాలు తీసే సైక్లోస్టైల్ మిషన్ ఉంది. వాడుకోమన్నారు. స్టెన్సిల్ మనం రాసి పట్టుకెళ్లాలి. అది మైనం పూసిన పలచటి కాగితం. దాని మీద సిరా లేని ఇనుప ములికితో రాయాలి. ములికి తగిలినచోట మైనం చెదిరి, అందులోంచి సిరా దిగి, కింద కాగితం మీద అక్షరం పడుతుంది. ఇంగ్లీషు వాళ్ల గీతలకు అది సులువు. మన అక్షరాలు గుండ్రం. సున్న చుట్టూ పూర్తిగా తిప్పావా, లోపలి ముక్క ఊడి కింద పడుతుంది, అక్కడ సున్న బదులు సిరా ముద్ద వస్తుంది. చుట్టు కలిసీ కలవనట్టు వెంట్రుకంత సందు వదలాలి, ఒత్తిడి ఎక్కడా పెరగకూడదు.

ఆమె ప్రయత్నించింది. ఆమె రాత నువ్వు చూడాలి. ఆ బొమ్మల పుస్తకాలు, ఆ టేపులు, ఆ తెలివి, అన్నీ ఉండి కోడి కెలికినట్టు రాస్తుంది! దేవుడు నాకు ఆ ఒక్కటైనా మిగిల్చాడనుకున్నాను. రెండు స్టెన్సిళ్లు చింపి, మిగిలినవి పట్టుకుని నా ఇంటికి వచ్చింది. నేను చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్నాను.

"అక్కగారూ, మీ చెయ్యి కావాలండీ."

నేను వెంటనే లేవలేదు. చెరిగినవి పోసి, మరో చేటెడు తీసుకుని, అవీ చెరిగాను. "నీ డబ్బా రాయదా?" అన్నాను.

"ఏదో అన్నీ వచ్చనుకున్నానండీ. రాలేదండీ," అంది, గడప మీద కూచుని. అట్లా ఒప్పేసుకుంటే ఇంకేం అంటాం? తీసుకున్నాను.

"ఒక్కటేనండీ," అంది. "పిల్లలు ఎలా రాస్తే అలానే దించాలండీ. ఒక్క అక్షరం కూడా దిద్దకూడదండీ."

చూచిరాత! ఊళ్లో సగం మందికి చూచిరాత నేర్పిన దాన్ని, నాకు చూచిరాత పెట్టింది! అన్నాను కూడా. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అవునండీ, అదేనండీ," అంది.

కాగితాలు ఇచ్చిపోయింది. నేను గబగబా వెతికాను. అన్ని కథలూ ఉన్నాయి, మీ అమ్మది లేదు.

రెండు రోజులు మిగతావాళ్లవి దించాను. నీకు చెబుతున్నాను, అవి రాస్తుంటే నా చెయ్యి దురద పెట్టేది. 'ఏడ్సింది' అని ఉంటే 'ఏడ్చింది' అని రాయకుండా ములికిని ఆపడం ఎంత కష్టమో! కానీ ఆపాను. ఎందుకంటే మీ అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. దగ్గరికి రాదు, దూరంగా పోదు. మూడో రోజు వచ్చి నా స్టెన్సిల్ మీదికి వంగి, పక్కనున్న కాగితం మీద వేలు పెట్టి, మాట మాటకూ సరిచూసుకుంది. తనిఖీ ఆఫీసరులాగే.

"దిద్దలేదు," అంది, ఆశ్చర్యంగా.

"దిద్దలే."

"నిజంగనే?"

"నీ కండ్లు లేవా?"

లంగా నాడాలో దోపుకున్న కాగితం తీసి నా ముందు పెట్టింది. చెమటకు తడిసి ఉంది. ఎన్ని రోజుల నుంచి అలా పెట్టుకు తిరుగుతోందో.

ఆ కథ ఇదీ. ఒక తునికాకు ఉంది. దానికి బీడీ అవడం ఇష్టం లేదు. కల్లంలో మిగతా ఆకులన్నీ ఎండుతూ, నువ్వెందుకు ఏడుస్తున్నవ్, మనం గింతే గద అన్నాయి. నేను కాలిపోను, నేను కాయితం అయిత అంది ఆకు. గాలి దాన్ని లేపి బడి కిటికీలోంచి లోపల పడేసింది. టీచరు తీసి, దాని మీద కథ రాసుకొమ్మని ఒక పిల్లకిచ్చింది. పిల్ల రాసింది. ఆకుకు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. ఎంత ముద్దుగా ఉందో చూడు. నా కూతురు, నా ఇంట్లో నా పక్కలో పడుకునే పిల్ల, ఇన్ని మాటలు లోపల పెట్టుకుని తిరిగింది. కళ్లు తడి అయ్యాయి. ఇంకో రెండు వరసలు ఉన్నాయి.

'ఆ పిల్ల నేనే. నాకు రాసుడు మా టీచర్ నేర్పింది. అంతకుముందు నేను చూసి రాస్తుంటి.'

టీచర్ అంటే నేను కాదు.

చదివాను. మళ్లీ చదివాను. నా ఒళ్లో కూచుని నా చేతిలో చెయ్యి పెట్టి రాసిన పిల్ల! అది పక్కనే నిలబడి నా చెయ్యి వైపు చూస్తోంది, నా మొహం వైపు కాదు. ములికి తీసుకున్నాను. ఆ కథంతా దించాను. ఆ రెండు వరసలూ దించాను. నాకు రాసుడు మా టీచర్ నేర్పింది. నా జీవితంలో అంత చక్కగా ఇంకేదీ రాయలేదు. ఒక్క సున్న ఊడలేదు. నా బిడ్డకు రాత నేర్పింది నేను కాదని నా చేత్తోనే, ముత్యాల్లాంటి అక్షరాల్లో, ఊరందరికీ పంచడానికి రాసిచ్చాను.

అది వేలు పెట్టి సరిచూసుకుంది. వేలు ఆ వరస దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అప్పుడు నా మొహం చూసింది.

"అమ్మా, నీ గురించి గూడ రాయాల్నా?"

మంచి తల్లులైతే ఏమంటారు? నీ కథ, నీ ఇష్టం బిడ్డా అంటారు. నేను, "రాయి!" అన్నాను. దాని మాట పూర్తవకముందే అన్నాను. స్టెన్సిల్ అడుగున ఒక్క వరసకు చోటు ఉంది. ములికి దాని చేతికిచ్చాను. అది చాలాసేపు ఆలోచించింది. నాలుక బయటపెట్టి, మోచెయ్యి ఆనించి, బలమంతా పెట్టి రాసింది. 'మా అమ్మ రాత మంచిగుంటది.'

అంతే. నేర్పింది అని లేదు. ప్రేమ అని లేదు. రాత మంచిగుంటది. సరే, అదైనా ఉంది కదా. ఊరంతా చదువుతుంది కదా.

అంత బలంగా ఒత్తకూడదని నాకు తెలుసు. కానీ ముట్టుకుంటే దిద్దినట్టే. ముట్టుకోలేదు.

మరునాడు ఆమే నేనూ బస్సెక్కి మండలాఫీసుకు పోయాం. అటెండరు స్టెన్సిళ్లు ఒక్కొక్కటే బిగించి చక్రం తిప్పాడు. వాడికి ఆఫీసు మూసే తొందర. టకటకా తిప్పేశాడు. కాపీలు చేతికి వచ్చాక చూశాం. నేను రాసిందంతా అద్దంలా పడింది. చివరి వరసలో 'మా అమ్మ' అన్న దగ్గర చుట్లన్నీ ఊడిపోయి, సిరా కారి, ఇంత నల్లటి ముద్ద. పోనుపోను దాని చెయ్యి తేలిందేమో, పక్కన మాత్రం స్పష్టంగా 'రాత మంచిగుంటది' అని ఉంది. అన్ని కాపీల్లోనూ అంతే. ఇంకో స్టెన్సిల్ లేదు, తెచ్చుకునే టైమూ లేదు.

బస్సులో కాపీల కట్ట ఒళ్లో పెట్టుకుని ఆమె అది చదివింది. "అయ్యో అక్కగారూ, ఎవరి రాతో పోయిందండీ."

"పోతే పోనీ," అన్నాను, కిటికీలోంచి చూస్తూ. పైవరసలో మా టీచర్ నేర్పింది అని ఉందా, కింద రాత మంచిగుంటది అని ఉందా. చదివినవాళ్లు ఎవరి రాత అనుకుంటారు? కోడి కెలికినట్టు రాసే ఆమె రాత! నాకున్న ఆ ఒక్కటి కూడా ఆమెకే పోయింది. ఆ దారి పొడుగునా ఆమె ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

తెల్లారితే తల్లిదండ్రులు వస్తారు. అట్టలకు మైదాతో కాచిన లై పూసి, దారంతో కుట్టి పుస్తకాలు సిద్ధం చేశాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అరుగు మీద మీ అమ్మ ఆ పుస్తకాల మధ్య కూచుని ఉంది. చేతిలో నీలం పెన్ను. ఒక పుస్తకం తీసి, తన పేజీ తెరిచి, ఆ నల్లముద్దకు పైన సందులో 'మా అమ్మ' అని రాస్తోంది. ఊది ఆరబెట్టి పక్కన పెట్టి, ఇంకోటి తీస్తోంది. వంకర రాత, పైకి ఎక్కే వరస, తలకట్లు ఎటో పోయిన అక్షరాలు. ఒక్కదాన్నీ వదల్లేదు. నేను స్తంభం చాటున నిలబడి చూశాను. పిలవలేదు.

కానీ పక్కన ఆమె కూడా ఉంది. ఒక్కో పుస్తకం తెరిచి, పేజీ పట్టుకుని, దానికి అందిస్తూ.

ఆ ఆలోచన నా బిడ్డకు వచ్చిందా, ఆమె చెప్పి చేయించిందా? తర్వాత ఆమె పెనుబల్లి వైపు బదిలీ అయి పోయింది. పోయేముందు అడగొచ్చు, అడగలేదు. మీ అమ్మ అయితే ఇక్కడే ఉంది, పక్కగదిలో, ఇప్పుడు పిలిచినా చెబుతుంది. నేను అడగను. నువ్వు కూడా అడగకు.

అదేంటి, ఎక్కడికి లేస్తున్నావ్? కూచో.